మరియమాత ముందు పెట్టిన స్ఫటికం

చర్చిలో ఆదివారం పూజ ముగించుకుని వీధి మలుపు తిరిగేసరికి నెల్సీకి తన ఇంటి కిటికీలోంచి పొగ కనిపించింది. ముందు పొయ్యి పొగే అనుకుంది. చలికాలంలో సోలెదాదె ఊళ్ళో పొగ లేని ఇల్లుండదు. అంతలో పక్కింటి ఇరాసి ఖాళీ బకెట్టు పట్టుకుని నెల్సీ వాళ్ళ గేటులోంచే బయటికొచ్చింది. ఆమె జుట్టు నిండా మసి.

"ఆరిపోయిందిలే, ఆరిపోయింది! తలుపు విరగ్గొట్టాం, ఏమనుకోకండి," అంది ఇరాసి రొప్పుతూ.

నెల్సీ, ఆమె భర్త జాందీర్ లోపలికి పరుగెత్తారు. జాందీర్ మేనత్త ఓర్ఫీలా మాత్రం గేటు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. తల్లి పోయాక జాందీర్‌ను పెంచింది ఆవిడే.

ముందుగదిలో కిటికీ తెర లేదు. గోడ పైకప్పు దాకా నల్లబడింది. కిటికీ పక్కనున్న మరియమాత బల్ల సగం కాలి ఒరిగింది. కాగితం పూలు, అల్లిక గుడ్డ బూడిదయ్యాయి. కొవ్వొత్తులు కరిగి నేల మీద మైనం పారింది. ఆ మైనంలో నెల్సీ చేసిన స్ఫటికపు గుండు, మాడిన బంగాళాదుంపలా పడి ఉంది.

జాందీర్ మైనం వంక చూశాడు. తర్వాత గేటు వంక చూశాడు.

"అత్తా, కొవ్వొత్తి ఆర్పి వచ్చావా?"

"ఇవాళ వెలిగించనే లేదురా."

"జపమాల మర్చిపోయానని మళ్ళీ లోపలికెళ్ళింది నువ్వే కదా. మేం రోడ్డు మీద నిలబడ్డాం."

"జపమాల కోసమే వెళ్ళాను."

"మరెవరు వెలిగించారు? మాతే దిగొచ్చి వెలిగించుకుందా?"

ఇరాసి కిసుక్కున నవ్వి, వెంటనే చేత్తో నోరు మూసుకుంది.

జాందీర్ అక్కడితో ఆగలేదు. ఆకు టీకి నీళ్ళు పెట్టి మరిచిపోయి కెటిల్ మాడ్చిన సంగతి తీశాడు. కోళ్ళ గూడు తెరిచి వదిలేసిన సంగతి తీశాడు. ఓర్ఫీలా ఒక్కోదానికీ తల ఊపింది. అవి రెండూ నిజమే మరి.

పొద్దు వాలాక ఆవిడే వంటింట్లోకి వచ్చింది. మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

"వెలిగించానురా. ఇప్పుడు గుర్తొచ్చింది. పుల్ల గీశాను. ఆ వాసన కూడా గుర్తొచ్చింది." కుర్చీ అంచున కూర్చుంది. "నన్ను సిస్టర్ల వృద్ధాశ్రమంలో చేర్పించు. మళ్ళీ ఇలా జరిగితే మీరు లోపల పడుకుని ఉంటారు."

"అవేం మాటలు అత్తమ్మా!" అంది నెల్సీ. భర్త ఏదో ఒకటి అంటాడని చూసింది. జాందీర్ పొయ్యిలో కట్టె సర్దుతూ ఉండిపోయాడు.

బుధవారం మధ్యాహ్నం ఆశ్రమం కారు వస్తుందన్నారు. పొద్దున్నుంచీ ఓర్ఫీలా బట్టలు మడతపెడుతోంది. పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెడుతోంది. నెల్సీ అది చూడలేకపోయింది. మసి పట్టిన గుండు కడిగి, పెరట్లో రేకుల షెడ్డులోకి వెళ్ళి మిషను మీద పెట్టింది. ఆ మోతలో కనీసం ఆవిడ ముక్కు చీదడం వినబడదు.

పాత వాషింగ్ మిషన్ల మోటార్లతో జాందీర్ చేసిన మిషను అది. మూడు చిన్న మోటార్లు ముఖాముఖి ఉంటాయి. ఒక్కోదానికీ ఒక గిన్నె. మూడు గిన్నెల మధ్యన రాయి ఇరుక్కుని, పైనుంచి నీటి చుక్కలు పడుతుంటే, అన్ని వైపులకీ దొర్లుతూ అరుగుతుంది. ముందు గరుకు పొడి, తర్వాత మెత్తని పొడి, చివరికి గిన్నెలకు తోలు తొడిగి మెరుగు. పెళ్ళయినప్పటినుంచీ నెల్సీ చేతిలో గుండ్రబడినవన్నీ ఈ ఊరి అగేటు రాళ్ళే. బూడిద రంగు, ఎరుపు, చారలవి. వెలుగు వాటి మీద పడి అక్కడే ఆగిపోతుంది.

ఈ స్ఫటికం ఉత్తరాది నుంచి లారీలో వచ్చింది. అద్దంలా అవతలికి కనబడే రాయి ఆమె చేయడం అదే మొదలు. అత్తమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగితే ఇలాంటి గుండొకటి మాతకిస్తానని మొక్కుకుంది. వారమంతా ముసురులోనే మెరుగుపెట్టి, శనివారం సాయంత్రం బల్ల మీద పెట్టింది. మర్నాడు పొద్దున గానీ ఆకాశం విచ్చలేదు.

మోటార్లు కట్టేసి, గుండు తుడిచి, ఎప్పటిలాగే షెడ్డు మెట్టు మీద కూర్చుంది. గీతలేమైనా మిగిలాయేమో ఎండలో చూసుకోవడం ఆమెకలవాటు. ఒళ్ళో పెట్టుకుని, కళ్ళద్దాలు తుడుచుకుంటోంది.

ఉన్ని కాలిన వాసన వచ్చింది.

'మళ్ళీనా!' అని ఇంటివైపు చూసింది. పొగ లేదు. అంతలో తొడ మీద నిప్పు పెట్టినట్టు చురుక్కుమంది. కిందికి చూస్తే, గుండు నీడలో సూదిమొనంత వెలుగుచుక్క. అక్కణ్ణుంచి లంగాలోంచి సన్నగా పొగ లేస్తోంది.

నెల్సీ కెవ్వుమంది. గుండు గడ్డిలోకి దొర్లిపోయింది.

లంగాకు పడ్డ చిల్లు కేసి చూస్తూ ఉండిపోయింది. కిటికీ గుర్తొచ్చింది, కాగితం పూలు గుర్తొచ్చాయి.

"ఏంటే ఆ అరుపు? వేలు పెట్టావా మిషన్లో?" అంటూ జాందీర్ వచ్చాడు.

ఆమె గడ్డిలోంచి గుండు తీసి ఎండలో పట్టింది. అతను చుట్టలు చుట్టుకునే మొక్కజొన్న పొట్టు ఒకటి అతని జేబులోంచే లాగి, గుండు వెనక పట్టుకుంది. పొట్టు ముందు గోధుమరంగుకి తిరిగింది. తర్వాత నల్లబడింది. తర్వాత మంట లేచింది.

"అమ్మ బాబోయ్!" జాందీర్ ఓ అడుగు వెనక్కేశాడు. "ఎండేనా?"

"ఎండ కాదయ్యా, నేను. నా చేత్తో చేశాను, నా చేత్తోనే కిటికీ పక్కన పెట్టాను. ఇల్లు తగలబెట్టింది నేను."

మంట వేళ్ళదాకా వస్తే నెల్సీ పొట్టు విసిరికొట్టింది.

ఓర్ఫీలా సంచీ మూసి, చలికోటు తొడుక్కుని, వంటింటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఇద్దరూ ఒకేసారి చెప్పబోయారు.

"చాల్లే, ఊరుకోండి. నన్ను ఊరడించడానికి నాటకాలా?" అంది.

జాందీర్ ఆవిడ కళ్ళ ముందే ఇంకో పొట్టు తీశాడు. నెల్సీ గుండు ఎండకు పట్టుకుంది. పొట్టు అంటుకుంది. ఓర్ఫీలా దాని వంక, ఆకాశం వంక చూసింది. ఆవిడ నవ్వుతుందని, లేకపోతే తమని తిట్టిపోస్తుందని నెల్సీ ఎదురుచూసింది. కానీ ఆవిడ మొహంలో ఉన్న కాస్త రంగూ దిగిపోయింది.

"మరి నాకు గుర్తుందే," అంది.

"ఏంటి అత్తా?"

"పుల్ల గీయడం. చప్పుడు విన్నాను. ఇదిగో, ఈ వేలు కాలింది." బొటనవేలు చాచింది. వేలి మీద మచ్చ కూడా లేదు. దాన్ని ఎత్తి, తిప్పి, దగ్గరగా పెట్టుకుని చూసుకుంది. "నేను వెలిగించలేదా?"

"లేదత్తా."

"నువ్వు అన్నావని నాకు గుర్తొచ్చేసిందిరా! ఇంకేదైనా అని చూడు. అదీ గుర్తొస్తుందేమో."

జాందీర్ మోకాళ్ళ మీద కూలబడి ఆవిడ ఒడిలో తల పెట్టాడు. గేటు దగ్గర కారు హారన్ మోగింది. అతను లేవలేదు. మళ్ళీ మోగింది. అప్పుడు లేచి, మొహం తుడుచుకోకుండానే, కారు తిప్పి పంపడానికి వెళ్ళాడు.

నెల్సీ ఆవిడ పక్కన గుమ్మంలో కూర్చుని, చలికోటు గుండీలు ఒక్కొక్కటే విప్పింది. ఓర్ఫీలా ఆమె పెదాల వైపే చూస్తోంది. పసిపిల్ల చూసినట్టు, ఇప్పుడేం చెబుతుందోనని చూస్తోంది. తను ఏ మాటంటే ఆవిడకి అదే నిజమైపోతుందేమోనని నెల్సీ నోరు తెరవలేకపోయింది.