నీలం వైపు

ఫోనులో బెంకో మాట పూర్తికాకముందే వియెరా కుర్చీలోంచి లేచింది.

"పిల్లలు గూడు దాటారు అమ్మగారూ" అన్నాడతను, రోజూ అన్నట్టే. బెంకో వైమానిక స్థావరంలో సార్జెంటు. పిల్లలంటే రెండు యుద్ధవిమానాలు. గోడ గడియారంలో తొమ్మిదీ నాలుగు. వియెరా అలవాటుగా ఎదురుగా ఉన్న తెర వైపు చూసింది. ఆ విమానాలు విన్యాసాలు చేసే జాగా ఎర్రగా ఉండాలి. బూడిదరంగులో ఉంది. బూడిదరంగంటే ఖాళీ, ఎవరైనా దాటవచ్చు. దాని అంచుకు ఒక ప్రయాణికుల విమానం తిన్నగా వస్తోంది.

ముప్ఫై ఒక్కేళ్ల ఉద్యోగంలో వియెరా ఆ వరండాలో పరుగెత్తడం అదే మొదలు. అరవై ఒక్కేళ్ల మోకాళ్లు. అద్దాల తలుపును భుజంతో నెట్టింది. లోపల విమానాల రాకపోకల నియంత్రకురాలు స్లావ్కా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని పైలట్‌తో మాట్లాడుతోంది.

"స్లావ్కా, ఆ జాగాలో మనుషులున్నారు. తిప్పెయ్."

ఎందుకని స్లావ్కా అడగలేదు. తెర మీద ఖాళీ అని కనిపిస్తున్నా అడగలేదు. చెప్పింది ఆఫీసంతా పిన్ని అని పిలిచే వియెరా, అంతే. విమానాన్ని వెంటనే ఎడమకు మళ్లించమంది. తెర మీద ఆకుపచ్చ చుక్క నెమ్మదిగా వంగింది. అటువైపు రెండు చుక్కలు సూదుల్లా దూసుకొచ్చి, అంచు దగ్గర తిరిగి వెళ్లిపోయాయి. మధ్యలో ఏడు కిలోమీటర్లు మిగిలాయి. విమానంలో నూట డెబ్భై నాలుగు మంది. గ్రీసు సముద్రతీరానికి సెలవులకు వెళ్తున్నారు. చేతిలో కాఫీ కాస్త తొణికిందని మాత్రమే వాళ్లకు తెలుసు.

వియెరా స్లావ్కా హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి, ఆ కుర్చీలోకి ఇంకొకరు వచ్చేదాకా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. తర్వాత తన గదికి వెళ్లిపోయింది.

అది నిజానికి గది కూడా కాదు. మెట్ల కింద ఒక బల్ల, ఒక తెర, ఒక జెరానియం పూల కుండీ, రెండు ఫోన్లు. వియెరా ఏనాడూ పైలట్‌తో మాట్లాడలేదు. ఆమె పని రేపటి ఆకాశాన్ని పంచడం. ఏ జాగా, ఏ గంట నుంచి ఏ గంట వరకు, ఎవరికి. ఆమె ఉద్యోగంలో చేరిన రోజుల్లో సైన్యం ఆకాశం సైన్యానిదే. అక్కడ పిట్ట ఎగరకపోయినా విమానాలు చుట్టూ తిరిగి పోవాల్సిందే. తర్వాత యూరప్ మొత్తానికి ఉమ్మడి నియమాలొచ్చాయి. ఆకాశం ఒక్కటే, కావలసినవాళ్లు కావలసినంతసేపు తీసుకుని పని కాగానే తిరిగి ఇచ్చెయ్యాలి అన్నాయి. అందరూ ఆ నియమాల పుస్తకాన్ని శిక్షణలో ఒకసారి చదివి మూసేశారు. వియెరా పుస్తకం మాత్రం అట్ట ఊడిపోయి టేపుతో నిలబడింది. మధ్యాహ్నం వాన పడితే బెంకోకు తనే ఫోను చేసేది. "నీ పిల్లలు ముసుగుతన్ని పడుకున్నారుగా, నా ఆకాశం నాకిచ్చెయ్." అలా తిరిగొచ్చిన ఒక్కో అరగంటలో నలభై విమానాలు దగ్గరి దారిన పోయేవి. ఆమెకు ఎవరూ థాంక్స్ చెప్పలేదు. ఆమె ఎదురుచూడనూ లేదు.

ఈ శుక్రవారం ఆమె పదవీ విరమణ. ఆరోజు సెలవుల్లో ఉండేవాళ్ల కోసం పోయిన శుక్రవారమే కేకు కోశారు.

పది గంటలకు షిఫ్టు అధికారి కామిల్ వచ్చాడు. బెంకోతో అప్పటికే మాట్లాడానన్నాడు. ఈ ఉదయం బుకింగు పోయిన శుక్రవారం ఫోనులో చెప్పిందే. బల్ల మీది ఫోన్లకు రికార్డింగు లేదు. ఏం చెప్పాడో బెంకోకు సరిగ్గా గుర్తులేదట. తొమ్మిదనే అన్నాననుకుంటున్నాను, పొరపాటున పది అన్నానేమో అన్నాడట.

"వాడే ఒప్పుకుంటున్నాడు వియెరా గారూ. పైగా టైము ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక కాలంలో చెప్పాలని రూలు. గోడ గడియారం టైము చెప్పడమే వాడి తప్పు. మీరు హాయిగా ఇంటికెళ్లి టొమాటోలు పెంచుకోండి."

అతను వెళ్లాక వియెరా బల్ల వైపు చూసింది.

ఫోన్ల మధ్య గుండ్రటి అట్ట ఉంది. గోడ గడియారం టైమును ప్రామాణిక కాలంలోకి మార్చడానికి ముప్ఫై ఏళ్ల కిందట తనే కత్తిరించి చేసుకుంది. ఒకవైపు నీలం, చలికాలం: గోడ గడియారం నుంచి ఒక గంట తీసెయ్యి. రెండోవైపు పసుపు, వేసవి: రెండు గంటలు తీసెయ్యి. నిన్న ఆదివారం, ఏటా వేసవికి చేసినట్టే, దేశమంతా గడియారాలు ఒక గంట ముందుకు జరిపారు. శుక్రవారం తీసుకునే బుకింగు సోమవారానికి కాబట్టి, ఆ శుక్రవారమే, ఫోను ఎత్తకముందే అట్ట తిప్పడం ఆమె పద్ధతి. ఒక్క ఏడాదీ తప్పలేదు.

అట్ట ఇప్పుడు నీలం వైపు ఉంది.

బెంకో తొమ్మిదనే అన్నాడు. అదే క్షణంలో వరండాలోంచి "పిన్నీ, కొవ్వొత్తులు కరిగిపోతున్నాయి" అని పిలిచారు. తను నవ్వుతూ, ఇంకా తిప్పని అట్ట చూసి, ఏడు వెయ్యాల్సిన చోట ఎనిమిది వేసి పరుగున వెళ్లింది. దాంతో ఆ జాగా తెర మీద తొమ్మిదికి బదులు పదింటికి ఎర్రబడేలా నమోదైంది.

అట్ట మీదికి చెయ్యి వెళ్లింది. తిప్పితే చాలు. ముప్ఫై ఒక్కేళ్లు మచ్చలేకుండా ముగుస్తాయి. పంతొమ్మిదేళ్లుగా గొంతు మాత్రమే తెలిసిన ఒక మనిషి, తను అనని మాటను తనే అన్నానని జీవితమంతా నమ్ముతాడు. స్థావరంలో ఎవరికో హెచ్చరిక వెళ్తుంది. ఈ పద్ధతిలోని చిల్లు మాత్రం ఇక్కడే, ఈ మెట్ల కింద, వచ్చే మార్చి కోసం కూర్చుని ఉంటుంది.

ఆమె అట్టను తిప్పలేదు. జెరానియానికి నీళ్లు పోసింది. మధ్యాహ్నానికి తెచ్చుకున్న గసగసాల రొట్టె ముక్క పొట్లం కట్టి సంచిలో పెట్టుకుంది. కోటు వేసుకుంది. తన పేరు బయటపడ్డాక విచారణ తేలేదాకా ఆ కుర్చీలో కూర్చోనివ్వరని ఆమెకు తెలుసు. అంటే ఇదే ఆఖరి రోజు.

పదకొండు గంటలకు పై అంతస్తులో విచారణాధికారి మగ్దా మిచోవా రికార్డరు నొక్కింది. ఎదురుగా కామిల్, వియెరా. స్పీకరులో బెంకో గొంతు, ఎన్నడూ లేనంత సన్నగా. మిచోవా నియమం చదివింది: ఇక్కడ నిజాయితీగా చెప్పిన పొరపాటుకు శిక్ష ఉండదు. చాలామంది ఆ వాక్యాన్ని నమ్మరు. వియెరా నమ్మింది.

"బహుశా నేనే పది అని..." బెంకో మొదలుపెట్టాడు.

"ఊరుకో బెంకో. నువ్వు తొమ్మిదన్నావు. నీ గొంతులో తొమ్మిదెలా ఉంటుందో నాకు తెలీదా?"

కామిల్ తల పైకెత్తి ఆమె కోటు వైపు చూశాడు. అప్పుడర్థమైంది అతనికి. వద్దన్నట్టు తలాడించాడు.

"ఇక నుంచి మాకెవరూ గోడ గడియారం టైము చెప్పకూడదని రాసుకోండి. చెప్పినా మేం తీసుకోకూడదు. నేను సాయమనుకుని ఇన్నేళ్లూ తీసుకున్నాను" అంది వియెరా.

మిచోవా కలం ఆగింది. "తప్పుగా ఎక్కించింది ఎవరో పేరుతో చెప్పండి. రికార్డుకు."

"వియెరా హుదాకొవా."

స్పీకరులో బెంకో ముక్కు చీదిన చప్పుడు. ఆమె లేచి సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయింది. మెట్ల కింద ఆమె బల్ల మధ్యలో, అంచులు అరిగిన గుండ్రటి అట్ట, నీలం వైపు పైకి.