కప్పు పలికింది

వరమ్మ నోటికి జడిసి ఒకసారి బ్లాస్ట్ ఫర్నేసు చల్లారిపోయిందని భిలాయి బజారులో చెప్పుకుంటారు. అబద్ధం. రెండుసార్లు చల్లారింది. అటువంటి వరమ్మకు ఆ ఉదయం ఉక్కు ప్లాంటు గేటు ముందు నోరు పెగల్లేదు.

ఆమె ఇడ్లీబండి పక్కనే జరిగింది. ఠేకేదారు కింద కాంట్రాక్టు కూలీగా ఇటుకలు మోసే ఛత్తీస్‌గఢీ పిల్ల బిసాహిన్, కొడుకును లారీ నీడలో గోనెపట్టా మీద పడుకోబెట్టి పనిలోకి వెళ్ళింది. పసివాళ్ళను గేటు దాటనివ్వరు మరి. లారీ కదిలింది. పిల్లవాడి పాదం నలిగింది. ఠేకేదారు లక్ష్మీప్రసాద్ కారు అద్దం సగం దించి, "గేటు బయట జరిగింది కదా, మనకేం సంబంధం?" అన్నాడు. అద్దం పైకి లేచింది.

ఆ సాయంత్రమే ఆడకూలీలు మెయిన్ బజారులోని శ్రామిక్ భవన్ తాళం పగలగొట్టారు. ప్లాంటు కట్టే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చిన కూలీలు డ్యూటీ దిగాక రాయీ సున్నం మోసి కట్టుకున్న మేడ అది. అందులో నాటకాలు ఆడారు, సమ్మెలు కట్టారు. తర్వాత పావురాలు కాపురం పెట్టాయి.

"పిల్లగుంటల్ని ఇక్కడ దింపుదుం. పని నేనోళ్ళు వంతులేసుకుని సూద్దుం," అంది వరమ్మ.

గోడలు పూశారు. తలుపులు బిగించారు. ఇంతలో భవనం సంగతి తేల్చడానికి పెట్టిన మీటింగుకి సెక్టర్ 2 నుంచి రిటైరైన ఇంజనీరు రాజగోపాల్ వచ్చాడు.

"ఇది మన చరిత్రమ్మా. బాగుచేసి పాత ఫోటోలు పెడదాం, సభలు జరుపుకుందాం. పిల్లలైతే గోడలు పాడుచేస్తారు."

"ఆ ఫోటోల్లో మాయమ్మ ఉంటాది బాబూ. నెత్తిమీద తట్ట, సంకలో నేను. ఈ గుంటని ఎక్కడ దింపాలని అప్పుడూ ఎవులూ అడగనేదు."

రాజగోపాల్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ తుడవడం మీటింగు అయ్యేదాకా సాగింది.

కారుతున్న కప్పు ప్రమాదమని, కూల్చేయాలని లక్ష్మీప్రసాద్ మున్సిపాలిటీ నుంచి ఆర్డరు తెచ్చుకున్నాడు. ఆ స్థలంలో షాపింగ్ కాంప్లెక్సు కడతాడట. అయితే కప్పే మారుద్దాం అన్నారు ఆడవాళ్ళు. పాతది తవ్విపోశారు. సున్నం, ఇటుకముక్కలు, బెల్లంనీళ్ళు కలిపి పరిచారు. వరసలు కట్టి కూచుని చెక్కలతో కొట్టడం మొదలుపెట్టారు. సున్నం గట్టిపడి, చెక్క ఎగిరిపడి, కప్పు ఖంగుమనేదాకా ఆ పని ఆగకూడదు. మధ్యలో ఆగినా, దెబ్బ చెదిరినా పగులే. అందుకే పాట.

"మోసిందెవులు?" అని వరమ్మ అడుగుతుంది.

"మనమే," అని చెక్కలన్నీ ఒక్కసారి పడతాయి.

ఇంకొక్క పూట కొడితే చాలు. అప్పుడు పోలీసులతో లక్ష్మీప్రసాద్ మేడెక్కాడు.

"పిన్నీ, మనం మనం తెలుగోళ్ళం. మా తాత కూడా ఈ కప్పు మీద చెక్క పట్టినవాడే. వీళ్ళెవరి కోసమో మనలో మనకి గొడవెందుకు?"

వరమ్మ కొట్టడం ఆపలేదు. "బిసాహిన్ గుంటడి పాదం ఏ బాసలో నలిగిందిరా?"

అతను పోలీసుల వైపు చూశాడు.

"మీ తాత సెక్క ఇదే. పడతావా? నేదంటే తడి మీంచి బూట్లు తియ్."

"సబ్ ఉతరో నీచే," అని అందరినీ కిందికి దిగమన్నాడు ఇన్స్పెక్టరు.

"నఇ ఉతరన్," దిగం అంది బిసాహిన్, తల ఎత్తకుండానే.

ఇద్దరు కానిస్టేబుళ్ళు వరమ్మ రెక్కలు పట్టి లేపారు. ఆమె చెక్క కింద పడకముందే, కింద నుంచి ఎక్కి వచ్చిన ఆటో డ్రైవరు ఆంజి అందుకున్నాడు. ఒక్కొక్కరినీ లాగుతున్నారు. ఖాళీ అయిన చోటల్లా మెట్లెక్కి వచ్చి ఇంకొకరు కూచుంటున్నారు: పాన్‌డబ్బా ముసలాయన, కాలేజీ పిల్ల సాయిప్రియ, చెప్పులు చేత పట్టుకుని రాజగోపాల్. ఉన్నది ఒకటే మెట్లదారి. దిగే పోలీసు, ఎక్కే జనం. ఒక కానిస్టేబులు ఆ తోపులాటలో మళ్ళీ పైకి కొట్టుకుపోయి, లాఠీతో కప్పు మీద నాలుగు దెబ్బలు వేసి మరీ దిగాడట. లయ తప్పలేదంటారు.

కింద పోలీసు వ్యాను నిండింది. దానికి అడ్డంగా రోడ్డు మీద జనం కూచుండిపోయారు. వ్యాను కిటికీ జాలీలోంచి వరమ్మ చెవి పైకి పెట్టింది. దబ్... దబ్దబ్... దబ్. కొత్త చేతులు. పాట నడిపేవాళ్ళు లేరు. దెబ్బ చెదురుతోంది. ఇలాగే చెదిరితే తెల్లారేసరికి కప్పు నెర్రెలిస్తుంది, లక్ష్మీప్రసాద్ ఆర్డరు నిజమవుతుంది.

ఆమె అరచేత్తో వ్యాను రేకు మీద కొట్టింది. "మోసిందెవులు?"

వ్యానులో ఆడవాళ్ళంతా రేకు మోగించారు. "మనమే."

"చుప్," అంటూ ఇన్స్పెక్టరు జాలీ మీద లాఠీ కొట్టాడు.

"కట్టిందెవులు?"

ఈసారి జవాబు రోడ్డు మీద నుంచీ వచ్చింది. ఆ వెనుకే పైనుంచి, ఒక్క దెబ్బగా. మళ్ళీ అడిగింది. మళ్ళీ. గొంతు జీరపోయింది, అరచెయ్యి కమిలింది. ఆమె చెవి మాత్రం కప్పు మీదే ఉంది.

ఎండ వాలుతుండగా చప్పుడు మారింది. దబ్ పోయి, ఖంగ్ అంది. మళ్ళీ ఖంగ్. అవతల ఊరు ఉతైలో కోళ్ళు ఉలిక్కిపడ్డాయంటారు, నమ్మడం మీ ఇష్టం. పైన పిట్టగోడ దగ్గర, పోలీసులకు ఇంకా చిక్కని బిసాహిన్, పాదానికి కట్టు ఉన్న కొడుకును భుజాన ఎత్తుకుని నిలబడింది.

"పలికింది," అంది వరమ్మ. జాలీకి మొహం ఆనించి ఇన్స్పెక్టరును పిలిచింది. "ఇంక ఏ థానాకి తీసుకెల్తావో పోనీ బాబూ. రేపు మాత్రం బేగి ఒగ్గేయ్. గుంటలొస్తారు, ఇడ్లీ ఎయ్యాల."

డ్రైవరు ఇంజను వేశాడు. వ్యాను ముందు కూచున్నవాళ్ళు ఒక్కరూ లేవలేదు.