పెద్దమ్మ రంగు

తెల్లవాళ్ల పాలన పోయి అందరికీ ఓటొచ్చాక, దేశం రెండోసారి ఓట్లకు వెళ్లిన రోజది. గ్రీన్‌వుడ్ పార్క్‌లో డొరసామి ఇంట్లో అద్దెకుంటున్న శేషాద్రి ఒక్కడే ఇంట్లో మిగిలాడు. రాజమండ్రి నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఓటు లేదు, ఆఫీసుకు సెలవు. పొద్దుటి నుంచీ నోరు విప్పి ఒక్క మాటా అనలేదని మధ్యాహ్నం టీ కాచుకుంటుంటే తట్టింది.

డొరసామి ముత్తాతలు తెలుగునేల నుంచి ఓడల్లో ఇక్కడి చెరకుతోటల్లో పనికి వచ్చినవాళ్లు. ఇంట్లో మాటలు ఇంగ్లీషే అయినా, ఆదివారం భజన ఇప్పటికీ తెలుగులోనే, ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. డొరసామి వదిన అంబీకి ఆ అక్షరాలు ఆనడం లేదు. ఇంటిల్లిపాదికీ ఆవిడ పెద్దమ్మ. ఆవిడ కోసమే శేషాద్రి కంప్యూటర్లో ఓ పేజీ చేస్తున్నాడు.

చరణం మీద నొక్కితే అక్షరాలు పెద్దవవ్వాలి. మరోటి నొక్కగానే మొదటిది మామూలైపోవాలి. పేజీలో ప్రతి చరణానికీ 'క్లాసు' అని ఓ పేరు తగిలిస్తే ఆ పేరుకి తగ్గ రంగూ సైజూ వస్తాయి. ఆ పేర్లు తగిలించడానికీ తీసేయడానికీ జావాస్క్రిప్ట్‌లో చిన్న ముక్క రాశాడు. సైజుకి 'పెద్ద' అని పేరు పెట్టాడు. అంబీ పాడే చరణాలకి 'పెద్దమ్మ', ఆకుపచ్చ రంగు. ఆఫీసులో పక్క సీటు క్లైవ్‌కి ఈ పేర్లు చూపించినా ఏం అర్థమవుతుంది?

సాయంత్రం ఓట్లేసి ఒక్కొక్కరే తిరిగి రాసాగారు. శేషాద్రి వంటగదిలో ఉండగా డొరసామి కంప్యూటర్ ముందు కూర్చుని కేకేశాడు.

"పెద్దమ్మ పోయింది!"

శేషాద్రి పరుగెత్తాడు. "ఎప్పుడు? ఓటు క్యూలోనా?"

"క్యూ ఏంటి మేన్? ఇక్కడ. గ్రీన్ పోయింది."

అంబీ చరణం నల్లగా ఉంది. డొరసామి మరో చరణం నొక్కగానే 'పెద్ద' తీసేయబోయి, ఆ ముక్క 'పెద్దమ్మ'లోని పెద్దని కూడా కోసేసి 'మ్మ' మిగిల్చింది.

"ఎవర్రా పోయింది?" వరండాలోంచి అంబీ గద్దించింది. డొరసామి పడీపడీ నవ్వాడు. ఇన్ని వారాల తర్వాత శేషాద్రి చెవినపడిన మొదటి నిండు తెలుగు వాక్యం, 'పెద్దమ్మ పోయింది'.

మాట మొత్తం సరిపోలితేనే తీసేలా, ముందూ వెనకా ఖాళీ చూసుకునేలా ఆ ముక్క సరిచేశాడు.

ఆదివారం అంబీ తెర చూస్తూ ఎక్కడా తడుముకోకుండా పాడింది. మధ్యలో ఆగి అడిగింది. "అబ్బాయ్, చెంత అంటే వాట్?"

"దగ్గర, పెద్దమ్మా."

"ఓ," అని మళ్లీ అందుకుంది. అందరూ గొంతు కలిపారు. పాటలో ప్రతి మాటా తెలిసినవాడు ఆ గదిలో శేషాద్రి ఒక్కడే. ఇంకెవరైనా ఇంకో మాట అడుగుతారేమోనని చివరిదాకా చూశాడు. ఎవరూ అడగలేదు.