వేడెక్కే పెట్టె

రేడియోలు బాగుచేసే కొట్టు మూసేశాక మా ఆయన చేతులు ఊరుకోలేదు. హెడ్‌ఫోన్‌లో పాట నిండుగా వినిపించేలా సొంతంగా ఒక ఆంప్లిఫయర్ చేసుకుంటానన్నారు. చేసుకోనీ అనుకున్నాను. సలహా కోసం టెలిఫోనావిడ దగ్గరికి వెళ్లనంతవరకూ నాకు ఏ బాధా లేదు.

టెలిఫోనావిడ అంటే రెండు వీధుల అవతల ఉండే మనిషి. ఎక్స్ఛేంజీలో ఇంజినీరుగా రిటైరైంది. మా ఆయన్ని అన్నయ్యా అంటుంది, నన్ను వదినా అంటుంది. పిలుపులో ఏ లోపమూ లేదు. అదే నాకు మరీ మంట. తప్పు పట్టడానికి చోటివ్వదు.

ఒక సాయంత్రం మా భోజనాల బల్ల మీద ఆవిడ రెండు కాగితాలు పరిచింది. రెండు డిజైన్లు. రెండింటిలోనూ మాస్‌ఫెట్లే. మూడు కాళ్ల నల్ల బిళ్లలు. పాటకి బలమిచ్చేవి అవేనట.

“ఇది బ్యాటరీలతో నడుస్తుంది అన్నయ్యా. సబ్బుపెట్టెలో పట్టేస్తుంది. జేబులో వేసుకుని పార్కుకి తెచ్చుకోవచ్చు. బెంచీ మీద కూర్చుని వినొచ్చు.”

“రెండోదో?”

“అది గోడ ప్లగ్గుకి పెట్టాలి. బండది. ఇంట్లో చోటు చాలక వదినకి ఇబ్బంది.”

నా ఇంట్లో చోటు గురించి ఆవిడకి బెంగ.

ఇప్పటికే వారంలో నాలుగు సాయంత్రాలు ఆయన, ఆవిడ కూర్చునే ఆ బెంచీకి పోతున్నారు. సబ్బుపెట్టె చేతికొస్తే ఏడూ అక్కడే. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మ ఇప్పుడే వస్తానని గొడుగు తీసుకుని వెళ్లింది. రాలేదు. అక్క పెళ్లయి బస్సెక్కింది. కిటికీలోంచి ఊపిన చెయ్యే నాకు మిగిలింది. గుమ్మంలో ఎవరు చెప్పులు వేసుకుంటున్నా ఇప్పటికీ చేతిలో పని వదిలేసి ఎక్కడికని అడుగుతాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఆ కాగితాలు ముందేసుకున్నాను. నేను బడికి పోలేదు. పొట్లాం కాగితాలు విప్పి నేర్చుకున్న చదువు నాది. గీతలు అర్థం కాలేదు కానీ, రెండోదాని అడుగున ఆవిడ రాసిన రాత అర్థమైంది. పాట ఉన్నా లేకపోయినా మాస్‌ఫెట్లు ఒకేలా కరెంటు లాగుతాయి, బాగా వేడెక్కుతాయి. వేడి పోవడానికి అల్యూమినియం రెక్కలకి బిగించాలి. గాలి తగిలేచోట పెట్టాలి, కదపకూడదు. ధ్వని మాత్రం దీనిదే మేలు.

కదపకూడదు. ఆ మాట మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాను.

ఆయన లేవగానే టీ అందిస్తూ అన్నాను. “రెండోదే చెయ్యండి.”

“నీకెందుకే దాని గొడవ?”

“ధ్వని దానిదే మేలట. రాసుంది. సబ్బుపెట్టెలో పాట వినడానికా ఇన్నేళ్లు రేడియోలు విప్పారు?”

ఆయన గ్లాసు దించి నావైపు చూశారు. “నువ్వు సర్క్యూట్ చదివావా?”

“ఆ. హాల్లో కిటికీ పక్క బల్ల ఖాళీ చేసిస్తాను. గాలి తగులుతుంది.”

ఆయన ముఖంలో మురిపెం చూసి నాకు సిగ్గేసింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

నెల పట్టింది. పార్కు మాటే లేదు. రెక్కలకి కన్నాలు వేస్తూ, సోల్డరింగ్ పొగ ఊదుకుంటూ ఆయన నా కళ్లెదుటే ఉన్నారు. కూరలు తరుగుతూ నేను కూనిరాగం కూడా తీశాను.

పెట్టె మొదటిసారి పనిచేసిన సాయంత్రం గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. విడుస్తున్న చప్పుడు.

“దీన్ని మీరే ఎంచుకున్నారటగా వదినా,” అంది టెలిఫోనావిడ. “అది కదలదు. అందుకే నేనే కదిలొచ్చాను.”

కిటికీ పక్కన నా కుర్చీలో కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్లు మూసుకుంది. ఆయన ఆవిడ ముఖమే చూస్తూ నిలబడ్డారు, పాట ఎలా ఉందో అక్కడ రాసున్నట్టు. మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

నాలుగో రోజు చిక్కుళ్ల గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆ కుర్చీలో ముందే కూర్చున్నాను. ఆవిడ వచ్చి నిలబడింది. ఆయన వంటింట్లోంచి స్టూలు తెచ్చి వేశారు. ఆవిడ దానిమీద సర్దుకుని హెడ్‌ఫోన్ అందుకోబోతుంటే, నేను పెట్టె రెక్కల మీద అరచెయ్యి ఆనించాను.

“కాలుతుంది వదినా, చెయ్యి తియ్యండి.”

“తెలుసు,” అన్నాను. “మీరే రాశారుగా.”

చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంచాను.