క్యాంటీన్ టీవీలో ఏడ్చిన బిడ్డ

గడ్డపోతారంలోని ఆ మందుల ఫ్యాక్టరీ యాజమాన్యం కార్మికుల సంక్షేమం కోసమని క్యాంటీన్ గోడకు పెద్ద టీవీ బిగించింది. పసిపిల్లలకు ఒక గది అడిగితే మాత్రం జాగా లేదంది. టీవీకి గోడ దొరికింది గానీ పిల్లలకు మూల దొరకలేదు!

మాత్రలు ప్యాక్ చేసే క్యాథరిన్‌కు నాలుగు నెలల కొడుకు, ఏబెల్. ప్రహరీ వెనకే కిరాయి గదిలో అత్త దయావతి వాణ్ని చూసుకుంటుంది. పిలిస్తే పలికేంత దూరం. కానీ ఆమెలాంటి కాంట్రాక్టు వాళ్లకు మధ్యాహ్నం గేటు దాటే పాసు ఇవ్వరు. అందుకే వాడికి డబ్బాపాలు. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే మరి.

ఆ రోజు భోజనాల వేళ టీవీలో సీరియల్ నడుస్తోంది. అందులో ఎవరో పసికందును ఎత్తుకుపోతున్నారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. క్యాథరిన్ తలెత్తి చూడనైనా లేదు. ఆ ఏడుపు చెవిన పడిందంతే, రొమ్ములు సలిపి పాలు చేపుకొచ్చాయి. అది నాటకమని ఆమెకు తెలుసు, ఒంటికేం తెలుసు? మోచేతులతో అదుముకున్నా ఆగలేదు. తెల్లకోటు మీద రెండు తడి మచ్చలు పరుచుకున్నాయి. ఎదుటి బల్ల దగ్గర ఎవడో కిసుక్కున నవ్వాడు. తానేదో పాలు తాగకుండానే పెరిగినట్టు!

పక్క బల్ల దగ్గర అదే సీరియల్ చూస్తున్న సూపర్‌వైజర్ సూర్యప్రకాశరావు లేచి వచ్చాడు.

"ఏంటమ్మా ఇది? మందులు ప్యాక్ చేసేచోట శుభ్రత ఉండొద్దూ? రేపట్నుంచి రావొద్దు. పాలు మాన్పించాక వద్దువుగానిలే."

"సార్, పిల్లగాడు గోడెన్కనే ఉన్నడు. అన్నం తినే టైముల జెర పాలిచ్చొస్త. ఇగ గిట్ల కారవు. పాసియ్యున్రి."

"కాంట్రాక్టు వాళ్లకి పాసులుండవు. నువ్వా టీవీకి దూరంగా కూర్చోవాల్సింది."

క్యాథరిన్‌కు ఒళ్లు మండిపోయింది. ఆయన ముఖంలోకి సూటిగా చూసింది. రావు కళ్లు ఎర్రబడి ఉన్నాయి, చేతిలో రుమాలు తడిసి ఉంది.

"మీరు గూడ ఏడ్సిన్రు గద సార్, గా సీరియల్ సూసి?"

రావు రుమాలు జేబులో కుక్కుకున్నాడు.

"మీకు కండ్లల్ల నీళ్లొస్తే మెత్తటి మనసు. నాకు పాలొస్తే గలీజా? ఇద్దరం ఇన్నది గదే ఏడుపు. మీకో న్యాయం, నాకో న్యాయమా?"

నవ్వినవాడు కంచంలోకి తల దించుకున్నాడు. రావు ఏమన్నాడనుకున్నారు? పాసు మాటే ఎత్తలేదు. "ఛానెల్ మార్చండ్రా, క్రికెట్ పెట్టండి!" అని అరిచాడు. పెద్ద సమస్య తీర్చినవాడిలా వెళ్లి మళ్లీ అన్నం ముందు కూర్చున్నాడు.

క్యాథరిన్ తిన్నగా గేటు దగ్గరికి నడిచింది.

"పాసేది బిడ్డా?" అన్నాడు వాచ్‌మన్ పెద్దరాములు.

"పాస్ లేదు కాకా. పాలున్నయి."

అతను ఆమె కోటు వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుని, చిన్న గేటు తీశాడు.

గది గడప మీద కూర్చుని కొడుకును ఒళ్లోకి తీసుకుంది. దయావతి హడలిపోయింది.

"ఈ యాల్లప్పుడొచ్చినవేంది? పని పోయిందా?"

"ఎర్క లేదత్తమ్మ. ముందుగాల వీన్ని తాగనియ్యి."

గోడ అవతల భోజనాల వేళ ముగిసినట్టు బెల్లు మోగింది. క్యాథరిన్ లేవలేదు. ఏబెల్‌ను రెండో రొమ్ముకు మార్చుకుంది.