కలర్ మాస్టారి కొత్త మానిటర్

ఆ ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే, దాన్ని మోసే బల్లా ఒక్కటే. దానిమీద హక్కు తమదేననుకునేవాళ్ళు మాత్రం ఇద్దరు. పొద్దుట్నుంచి సాయంత్రం ఆరింటిదాకా అది తండ్రిది. ఆయన స్టూడియోలవాళ్ళు పంపే ఫొటోలకి రంగులు సరిచేసి ఇస్తాడు. ఆ పనిలో ఆయనకెంత పేరొచ్చిందంటే, అసలు పేరు మరుగునపడి కలర్ మాస్టారు అన్నదే మిగిలింది. ఆరు దాటాక కూతురిది. కాలేజీలో చదువుతోంది, ఐదుగురు జట్టుగా ఆడే తుపాకుల ఆటలో ఆరితేరింది. ఒక్కచోట కుదురుగా ఉండదని చిన్నప్పుడే తండ్రి ఆమెకి తూనీగ అని పేరు పెట్టాడు.

పాత మానిటర్ మార్చాలన్న విషయంలో ఇద్దరిదీ ఒకటే మాట. ఏది కొనాలన్న దగ్గరే పేచీ వచ్చింది. తూనీగకి వేగంగా బొమ్మ మార్చేది కావాలి. వచ్చే నెలలో పోటీ ఉంది. పాతదానిమీద శత్రువు కనిపించేలోపే తను చచ్చి పడుంటోందని ఆమె గోల. తండ్రికి రంగులు ఉన్నదున్నట్టు చూపించేది కావాలి. ఆయన గోడు ఇంకా పెద్దది. ఈమధ్య మూడు ఆల్బమ్‌లు తిరిగొచ్చాయి. మొహాలు నీలంగా ఉన్నాయట, చలికి బిగుసుకుపోయినవాళ్ళలా ఉన్నారట. ఇంకొక్కసారి ఇలా వస్తే పని వేరేవాళ్ళకిస్తామని పెద్ద స్టూడియో యజమాని మర్యాదగానే చెప్పాడు. ముప్పై ఏళ్ళ పేరు మూడు ఆల్బమ్‌లతో పోతుందంటే ఎవరికి నిద్రపడుతుంది?

"ఈ ముసలి మానిటర్‌దే పాపం. తెల్లటిదల్లా పసుపుగా చూపిస్తోంది. దీన్ని నమ్మి నేను నీలం కలుపుతున్నా" అనేవాడు మాస్టారు.

తూనీగ ఊరుకునే రకమా! ఆ వారమంతా చెప్పని అబద్ధం లేదు. వేగంగా ఉండేదైతే కళ్ళకి మంచిదంది. రంగుల మానిటర్లు ఏడాదికే చెడిపోతాయని ఎవరో అన్నారంది. ఆ ఎవరో ఎవరని తండ్రి అడిగితే నీళ్ళు నమిలింది. చివరికి తల్లి విసిగిపోయింది.

"ఇద్దరూ కలిసి వెళ్ళండి, ఒక్కటే తీసుకురండి. మళ్ళీ నా చెవిలో జోరీగల్లా రొదపెట్టారంటే ఆ బల్లమీద కుట్టుమిషన్ పెట్టేస్తా" అంది.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ షాపుకి వెళ్ళారు. సేల్స్‌మన్ రెండు మానిటర్లు పక్కపక్కన పెట్టి ఆన్ చేశాడు. తూనీగ వేగంగా ఉన్నదాని ముందు కూర్చుని రెండు నిమిషాలు ఆడింది. మౌస్ ఎంత కదిలితే బొమ్మ అంత కదిలింది, వెంట్రుకవాసి ఆలస్యం లేదు. ప్రాణం లేచొచ్చింది. మాస్టారు పక్కకి వంగి చూసి పెదవి విరిచాడు.

"పక్కనుంచి చూస్తే బొమ్మలో మొహం నల్లగా మాడిపోతోంది. ఇది నా పనికి రాదు."

ఇక ఆయన వంతు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి, ఇంకా చెయ్యి పెట్టని ఫొటో ఒకటి రంగుల మానిటర్‌మీద తెరిపించాడు. తెల్ల గౌనులో ఏడాది పాప. ఆ గౌను పాలనురగలా ఉంది. ఇంత తేడా ఉంటుందని తూనీగ అనుకోలేదు. తను ఓడిపోయినట్టేనని ఆమెకి అర్థమైపోయింది.

"ఇదీ పసుపే" అన్నాడు మాస్టారు.

సేల్స్‌మన్ కంగారుపడి లోపలికెళ్ళి, రంగులు కొలిచే చిన్న పరికరం తెచ్చి తెరకి ఆనించాడు. "చూడండి సార్, తెలుపు కచ్చితంగా ఉంది."

"నీ పరికరం పుట్టకముందునుంచి చేస్తున్నానయ్యా ఈ పని" అని ఆయన మానిటర్ బటన్లు తనే నొక్కడం మొదలుపెట్టాడు. పసుపు తగ్గించాడు. నీలం పెంచాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ తృప్తిగా వెనక్కి జరిగి కూతురి వైపు తిరిగాడు. "ఇప్పుడు చూడు. మల్లెపువ్వులా లేదూ?"

గౌను నీలిమందులో ముంచి తీసినట్టుంది. పాప బుగ్గలు వాడిపోయి ఉన్నాయి. తూనీగకి అప్పుడు తెలిసింది. తప్పు పాత మానిటర్‌ది కాదు.

నాలుక చివరిదాకా మాట వచ్చింది. నీ కళ్ళకే తేడా తెలియట్లేదు నాన్నా, నీకిదెందుకు అని ఒక్క ముక్క అంటే చాలు. అది నిజం కూడా. కానీ వారం రోజులుగా అన్ని అబద్ధాలాడిన నోటితో ఈ నిజం చెబితే ఎవరు నమ్ముతారు? ఇదో కొత్త ఎత్తు అనుకుంటాడు. నవ్వి కొట్టిపారేస్తాడు, నాలుగో ఆల్బమ్ కూడా నీలంగానే పంపుతాడు. తన మీద తనకే రోత పుట్టింది ఆ క్షణాన.

"ఈ రంగులదే ఇచ్చేయండి. బిల్లు రాయండి" అంది సేల్స్‌మన్‌తో.

మాస్టారు తెల్లబోయాడు. బిల్లు అయ్యేదాకా ఆమె ఆ వేగంగా ఉన్న మానిటర్ వైపు చూడలేదు. డబ్బా కౌంటర్ దగ్గర పెట్టించి, తండ్రిని బయట మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది.

"నాన్నా, నువ్వడిగింది కొనేశాం. ఇంక నాకు ఇందులో వచ్చేదేం లేదు. అందుకే ఇప్పుడు చెప్తున్నా. ఆ గౌను తెల్లగా లేదు, నీలంగా ఉంది. నువ్వు బటన్లు ముట్టుకోకముందు తెల్లగా ఉండింది."

ఆయన మొహం ఎర్రబడింది. "ఏం మాట్లాడుతున్నావే! ముప్పై ఏళ్ళుగా..." అంటూనే గిర్రున తిరిగి లోపలికెళ్ళాడు. "ఏమయ్యా, నిజం చెప్పు. ఇందాక నేను సరిచేసినప్పుడు ఆ గౌను ఏ రంగులో ఉంది?"

సేల్స్‌మన్ బిల్లు వైపు చూశాడు, ఆయన వైపు చూశాడు. "మీరు ఎలాగంటే అలాగే సార్" అన్నాడు.

తెల్లగా ఉందని మాత్రం అనలేదు. మాస్టారు మెల్లిగా వచ్చి మెట్టుమీద కూలబడ్డాడు. ఆయనకి భయం వేసింది. ఆ భయం దాచుకోవడం కూడా చేతకాలేదు. "డాక్టర్ దగ్గరికి నువ్వు కూడా రా" అన్నాడు.

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని డాక్టర్ చెప్పింది. పసుపుపచ్చని గాజు అడ్డం పెట్టుకుని చూస్తున్నట్టే లెక్క అంది. ఆపరేషన్ చేస్తే మళ్ళీ మామూలుగా కనిపిస్తుందట, కాకపోతే రెండు కళ్ళూ అయ్యేసరికి రెండు నెలలు పడుతుంది. అంతవరకూ ఆల్బమ్‌లు ఆగవు కదా, సాయంత్రాలు ఆ పని కూతురే చూసుకోవాలి. తూనీగ జట్టువాళ్ళకి ఫోన్ చేసి, ఈసారి పోటీకి ఇంకొకర్ని చూసుకోమని చెప్పింది. ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్ళి కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చింది.

సాయంత్రం ఆరైంది. మాస్టారు తన కుర్చీలోంచి లేచి పక్కన స్టూలుమీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో తన పని ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు. కొత్త మానిటర్‌మీద పాప ఫొటో తెరిచి ఉంది.

"ముందు బుగ్గలు చూడు, గౌను తర్వాత. తొందరపడకు. ఆట కాదిది" అన్నాడు.

"బుగ్గలకి ఎరుపు కొంచెం పెంచనా?"

"నన్నడుగుతావేంటే! కనిపించేది నీకు."

ఆమె అటూ ఇటూ జరిపి చూసింది. జరిపింది మళ్ళీ వెనక్కి లాగింది. ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకుని, తెరమీదికి చూడటం మానేసి, కూతురి మొహం వైపే చూస్తూ కూర్చున్నాడు. చివరికి ఆమె చెయ్యి ఆగింది.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది నాన్నా."

"అయితే స్టూడియోకి పంపించెయ్."