ఆయన టోకెన్ నంబరు

ఆదివారం పొద్దున్నే మా ఆయన రైల్వే వర్క్‌షాప్ బట్టలు వేడినీళ్ళలో నానబెట్టి ఉతకడం నా పని. గ్రీజు మరక ఒకపట్టాన వదలదు. సబ్బు రుద్ది బ్రష్షుతో తోముతూ ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, మనసు ఎటో వెళ్ళిపోతుంది. నిమ్‌పురా యార్డులో గూడ్సు వ్యాగన్లు ఒకదాన్నొకటి తగులుకునే చప్పుడు దూరంగా వినిపిస్తుంటే నాకు మెలకువలోనే ఒక రకం నిద్ర పడుతుంది. ఆ నిద్రలోనే పాఠాలు తయారు చేసుకుంటాను. పెళ్ళై వచ్చినప్పట్నుంచీ, పంతొమ్మిదేళ్ళుగా, బడిలో కంప్యూటర్ టీచర్ని. కుర్చీలో కూర్చుని పాఠం సిద్ధం చేసుకున్న జ్ఞాపకం ఒక్కటీ లేదు.

మర్నాటి పాఠం తొమ్మిదో తరగతికి, ఇంటర్నెట్‌లో మనం వదిలే గుర్తుల గురించి. చూసినవి, వెతికినవి, పెట్టి తీసేసిన ఫోటోలు, అన్నీ ఎక్కడో ఉండిపోతాయని చెప్పాలి. నాకు నవ్వొచ్చింది. ఈ ఇంట్లో వంటింటికీ పెరటికీ మధ్య రోజుకి ఎన్నిసార్లు తిరుగుతానో, దానికి మాత్రం ఎక్కడా గుర్తు లేదు. "ఇంట్లో నువ్వేటి సేస్తావే, బడికెల్లి కుర్సీలో కూకోడమే కదా" అంటుంది మా అత్త అప్పలకొండ. ఒక్కసారి టైపు చేసిన మాట ఏళ్ళ తరబడి ఉంటుందట. పొద్దున్న తుడిచిన గచ్చు మాత్రం మధ్యాహ్నానికి మళ్ళీ తుడవాలి.

ముందుగదిలో నా ఫోను మోగింది. మా ఆయన మోహనకృష్ణ దాన్ని తీసి, తెరిచి, చదివి, హెడ్మిస్ట్రెస్ రేపు పెందరాళే రమ్మందని కేకేశాడు. ఎప్పుడూ అంతే. మా ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో ఇంటికొక టోకెన్ నంబరు ఉంటుంది. వర్క్‌షాప్‌లో మగవాడి హాజరు నంబరు అది. ఇప్పుడు హాజరుకి వేలిముద్ర వచ్చింది గానీ నంబరు మాత్రం పోలేదు. అన్నం క్యారేజీ మీద అదే, సైకిల్ మీద అదే, గొడుగు పిడి మీదా అదే. ఫోన్లు వచ్చినప్పుడు వాటి తాళాలకీ అదే పెట్టుకున్నాం. పెళ్ళైన కొత్తలో నా స్టీలు గ్లాసు మీద ఆయన నంబరు చెక్కిస్తే మురిసిపోయాను కూడా, అబద్ధమెందుకు.

సోమవారం క్లాసులో, మీ పాస్‌వర్డ్ నాకు చెప్పొద్దు గానీ నాన్నగారి టోకెన్ నంబరు పెట్టుకున్నవాళ్ళు చేతులెత్తండి అన్నాను. ఇరవై ఎనిమిది మందిలో ఇరవై మూడు చేతులు లేచాయి. నిజానికి నాదీ లేవాలి. చేతిలో సుద్దముక్క ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాను. క్యారేజీ మీద రాసుకున్న నంబరునే తాళంగా పెడితే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే అంటే అందరూ నవ్వారు. మా ఆయనతో పనిచేసే విల్‌ఫ్రెడ్ గారి అమ్మాయి ఏంజలిన్ ఒక్కతే నవ్వలేదు.

బెల్లు కొట్టాక అందరూ వెళ్ళిపోయినా తను బెంచీ దగ్గరే నిలబడిపోయింది. ఎవరో తన అకౌంటు తెరుస్తున్నారట. అద్దం ముందు అమ్మ చీర కట్టుకుని తను తీసుకున్న, ఎవరికీ చూపించకుండా దాచుకున్న ఫోటోలు తిరిగి తనకే పంపి, ఇంకా పంపకపోతే మీ నాన్నకి చూపిస్తానని బెదిరిస్తున్నారట. అక్కడికక్కడే పాస్‌వర్డ్ మార్పించాను. జవాబివ్వొద్దు, ఏదీ చెరపొద్దు, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీసి నాకు పంపు అన్నాను. శనివారం నేనే మీ ఇంటికొచ్చి అమ్మానాన్నలతో నెమ్మదిగా మాట్లాడతాను, తర్వాత అందరం కలిసి సైబర్ పోలీసులకి రాద్దాం అన్నాను.

"అంతవరకూ ఎవరికీ తెలవదు కదా టీచర్?"

"నీకూ నాకే" అన్నాను.

సాయంత్రం నేను వంటింట్లో చపాతీలు వత్తుతుండగా ముందుగదిలో ఫోను అదేపనిగా టింగుమంటూనే ఉంది. ఏంజలిన్ పంపినవన్నీ మా ఆయన చదివాడు. నాతో ఏమీ అనలేదు. మంగళవారం వర్క్‌షాప్‌లో విల్‌ఫ్రెడ్‌ని పక్కకి పిలిచి చెప్పేశాడు. బుధవారం ఏంజలిన్ బెంచీ ఖాళీగా ఉంది. ఫోను లాక్కున్నారనీ, చదువు మాన్పించి అనకాపల్లిలో పెద్దమ్మ దగ్గరికి పంపేస్తున్నారనీ పిల్లలు చెప్పారు.

ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. మంచికే చెప్పాడట, కన్నతండ్రికి తెలియాలి కదా అన్నాడు. సరే, నా ఫోను ఎందుకు చదివారని అడిగాను. ఆయన నిజంగా తెల్లబోయాడు.

"నీ ఫోనేటి? మనిద్దరికీ దాపరికమేటి?"

చెడ్డవాడైతే నాకు తేలికయ్యేది. జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని తడిగుడ్డ వేసే మనిషి. కోపం ఎటు పోవాలో తెలియక నా మీదికే వచ్చింది. టీ పెడుతూ స్టవ్వు ముందు నిలబడితే, ఫోను లోపల ఒక చిన్న గది ఉన్నట్టూ, అందులో ఆ పిల్ల తల్లి చీర కట్టుకుని కూర్చున్నట్టూ, నేను గుమ్మంలో నిలబడి ఎవరూ రారులే అంటున్నట్టూ అనిపించింది. నా భుజం మీంచి ఆయన చెయ్యి చాచి ఆ గది గొళ్ళెం తీస్తున్నాడు. నేనేమో పక్కకి జరిగి దారిస్తున్నాను, అలవాటుగా. పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది.

స్టవ్వు తుడిచి, ఫోను తీసుకుని తాళం మార్చాను. ఏం పెట్టానో ఇక్కడ కూడా రాయను. సైకిలెక్కి విల్‌ఫ్రెడ్ వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, మీ ఆయన మంచోడు కాబట్టి సరిపోయింది, లేకపోతే మాకు తెలిసేదే కాదు అన్నాడు.

"మీ పాప తప్పేటీ సెయ్యలేదు. బడిలో నేను సెప్పినట్టే సేసింది. మాట తప్పింది నేను" అన్నాను. "సెప్పిన పిల్లకే శిక్ష వేస్తే, రేపు ఇంతకన్నా పెద్దదొచ్చినా నోరు విప్పదు."

లోపల్నుంచి ఆయన భార్య ఎస్తేరమ్మ వచ్చి, కుర్చీ వేసి నన్ను కూర్చోమంది. గంటసేపు మాట్లాడాక, అనకాపల్లి మాట తర్వాత చూద్దాం, శనివారం ఆ కంప్లయింట్ ఏదో రాద్దాం అన్నాడు విల్‌ఫ్రెడ్. అప్పటివరకూ ఏంజలిన్ తలుపు వారనే ఉంది. నా వైపు చూసిన చూపులో నమ్మకం లేదు. ఉండాలని అడిగే మొహమూ నాకు లేదు. సైకిల్ తీస్తుంటే దగ్గరికొచ్చింది.

"ఇప్పుడు అమ్మ ఫోను నుంచి రాస్తే ఎవరు సదువుతారు టీచర్?"

నేనొక్కదాన్నే అని నోటిదాకా వచ్చింది. కానీ ఒకసారి మాటిచ్చి చూశాను కదా. ఇంటికెళ్ళి చెప్తానమ్మా అన్నాను.

భోజనాల దగ్గర ఫోను మోగితే ఆయన అలవాటుగా తీశాడు. నంబరు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. మార్చావా అన్నాడు. మార్చానన్నాను. కొత్తదేమిటన్నాడు. నేను చారు వడ్డిస్తున్నాను. మొగుడికి తెలియని మాట ఆడదానికేముంటుందని అత్త అందుకుంది. పిల్లలవి ఉంటాయి, నావీ ఉంటాయి అత్తా అన్నాను.

ఆయన కంచం పక్కకి జరిపాడు. తర్వాత కోపంగా కాదు, భయంగా అడిగాడు.

"మరి నీ సంగతులు నాకెలా తెలుస్తాయి?"

"నన్ను అడగండి" అన్నాను. "పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ అడగలేదు."

ఆయన చేతిలోంచి ఫోను తీసుకుని, ఎస్తేరమ్మ నంబరుకి ఏంజలిన్ పేరు పెట్టి పంపాను: "రాయమ్మా. నేనొక్కదాన్నే చదువుతాను."